ఒక సెట్టా, రెండు సెట్లా

"ఒక సెట్టా సార్, రెండు సెట్లా?" అని టైర్ల షాపతను అడిగాడు. అడిగినవాడు జవాబు కోసం ఆగలేదు. గోడౌన్ వ్యాను దారిలో ఉంది, అది వచ్చి వెళ్ళేలోపు చెప్తే చాలు, ఈ ట్రిప్పులో ఆర్డరు పడకపోతే ఆదివారానికి టైర్లు అందవు అని చెప్పి, కారు తెచ్చినతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, ముందునుంచీ ఎదురుచూస్తున్న లారీ చక్రం సంగతి చూడ్డానికి వెళ్ళిపోయాడు. చిన్న ప్రశ్నే. కాఫీనా టీనా అని అడిగినట్టు అడిగాడు. దానికి మనిషి ఇంత మొద్దుబారిపోవాలా? అతను మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లిఫ్టు మీద గాల్లో వేలాడుతున్న తన కారుని అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. చక్రాలు ఊడదీస్తే ఎంత చిన్నదైపోయిందో. కిందికి దించిన బాడీ, లోపల మార్చిన స్ప్రింగులు, పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు పట్టేలా బయటికి వంచిన రేకులు, సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బైకువాళ్ళు ఫోటోలు తీసుకునే కారు, ఇప్పుడు పళ్ళు తీసేసిన నోరులా ఉంది. అలా అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు, కట్టుడు పళ్ళు చేసేవాడికి ఇంకేం గుర్తొస్తుంది కనక. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబులో ఎవరివో తెలియని దవడల అచ్చులు ముందేసుకుని మైనం చెక్కడమే పని, పళ్ళు పూర్తయ్యాక డాక్టరు మనిషి వచ్చి పట్టుకెళ్తాడు, వాటితో ఎవరు నవ్వారో, ఎవరు ఏం కొరికారో ఇన్నేళ్ళలో ఒక్కటీ చూడలేదు. మాట్లాడాల్సిన పనే లేని ఉద్యోగం. అందుకే కాబోలు, ఎవరైనా సూటిగా ఒక మాట అడిగితే గొంతు సర్దుకోడానికే ఇంత సేపు పడుతోంది.

ఒక సెట్టంటే ఏముంది, రోడ్డుకీ రేసు ట్రాక్‌కీ రెండిటికీ పనికొచ్చే రకం, వానలో నీళ్ళని పక్కకి తోసే గాడులు ఉంటాయి, ట్రాక్ మీదా ఒక మాదిరిగా పట్టు ఉంటుంది, ఆదివారం పొద్దున్నే తాళం తిప్పి, ట్రాక్‌కి పోయి, నాలుగు చుట్లు కొట్టి, అవే టైర్ల మీద ఇంటికొచ్చేయొచ్చు, ఎవరితోనూ పనిలేదు. రెండు సెట్లంటే వేరే బాగోతం. రోడ్డుకి రోడ్డు టైర్లు, ట్రాక్‌కి విడిగా మెత్తటివి, గాడులు ఉన్నాయా లేవా అన్నట్టుండేవి, వేడెక్కితే తారుని పట్టుకుని వదలవు గానీ రోడ్డు మీద వాన నీళ్ళు చూస్తే చాలు జారిపోతాయి, వాటిని రిమ్ములతో సహా కారు వెనక వేసుకుని మోసుకెళ్ళి, అక్కడ జాకీ ఎత్తి నాలుగూ మార్చి, సాయంత్రం మళ్ళీ నాలుగూ మార్చి రావాలి. అది ఒక్కడి పని కాదు. అదీ అసలు సంగతి. ఆ షాపతనికి తెలియదు గానీ అతను అడిగింది టైర్ల గురించి కాదు, ఆదివారం నీతో ఎవరైనా వస్తారా, రారా అని అడిగాడు.

రెండిటికీ అంటే దేనికీ కాదురా చిన్నోడా, అనేవాడు బావ. నలభై దాటినవాణ్ణి పట్టుకుని చిన్నోడా అనడం ఒకటి, బావకి ఆ పిలుపు తప్ప ఇంకోటి రాదు. అక్క పెళ్ళినాటికి అతను నిక్కరు వేసుకుని తిరిగేవాడు కాబట్టి జీవితాంతం చిన్నోడే. ప్రతి ఏడూ ఇదే షాపులో, ఇదే గదిలో, ఈ టైర్ల గురించే ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునేంత పని చేసేవాళ్ళు. ఒక సెట్టు చాలు బావా, ఆ మోత ఎవడు మోస్తాడు అని అతను. నువ్వు మోయకు, నేను మోస్తా, నోరు మూసుకుని బండి నడుపు అని బావ. షాపతను తలుపు దగ్గర నిలబడి ముసిముసిగా నవ్వుతూ వినేవాడు. ఎప్పుడూ బావ మాటే నెగ్గేది. ఇప్పుడు అతను తన మాట నెగ్గించుకోవచ్చు, ఒక సెట్టు అంటే అయిపోయింది, ఎదురుచెప్పేవాడు లేడు. అదేం చిత్రమో, అడ్డు చెప్పేవాడు లేకపోయేసరికి తన మాట మీద తనకే ఇష్టం పోయింది. బావ ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. పైకీ కిందికీ తప్ప పక్కలకి తిరగడం ఎరగని మనిషికి ఈ కారు పిచ్చి ఎలా అంటుకుందిరా, నీ వల్లే అంటుకుంది అని అక్క ఆడిపోసుకునేది. బరువు తగ్గుతుందని వెనక సీటు పీకేసిన రోజున, అయితే ఇకనుంచి నన్ను డిక్కీలో పడేసి తీసుకెళ్తారా ఇద్దరూ అంది. ఆ సీటుని పారేయనివ్వలేదు. బాల్కనీలో గోడకి ఆనించి వేసుకుని, దాని మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఇప్పుడు ఆ సీటు మీద ఎవరు కూర్చుంటున్నారో. తెలుసు ఎవరో. తెలిసీ అడుక్కోవడం దేనికి.

బయట గాలి పట్టే మిషను గుర్రుమంటూ ఆగింది. గోడకి వరసగా తగిలించిన కొత్త టైర్ల వాసన. ఆ వాసనకి అక్క ముక్కు మూసుకునేది, అయినా వచ్చేది, ట్రాక్‌కీ వచ్చేది, గొడుగు కింద మడత కుర్చీ వేసుకుని కూర్చునేది, ఆవిడ పని ఒక్కటే, సుద్దముక్క. బడినుంచి జేబులో పడేసుకొచ్చిన సుద్దముక్కతో ప్రతి టైరు అంచు మీదా గీతలు గీసేది, నాలుగు చుట్లు తిరిగి వస్తే ఆ గీత ఎంతవరకు చెరిగిందో బావ వంగి చూసేవాడు, ఎక్కువ చెరిగితే టైరు మరీ పక్కకి ఒరుగుతోందని, గాలి చాల్లేదని, తక్కువ చెరిగితే గాలి ఎక్కువైందని. ఏ టైరు ఎక్కడిదో కూడా ఆవిడే రాసేది, ఎడమ ముందు, కుడి వెనక, గుండ్రటి అక్షరాలు, నల్లబల్ల మీద రాసినంత శ్రద్ధగా. ఇక నట్ల సంగతి. అతను పానాతో నట్లు బిగించేవాడు, బిగించినవాడు తన బిగింపు తను సరిచూసుకోకూడదు, అది బావ పెట్టిన కట్టుబాటు, లిఫ్టుల దగ్గర నేర్చుకున్నాడట, ఒకడు బిగించిన తాడు రెండోవాడు చూడందే జనాన్ని ఎక్కించరట. బావ, సరిపడా బిగియగానే టక్కుమనే పానా పట్టుకుని ఒక్కో నట్టూ మళ్ళీ తిప్పి, నాలుగో చక్రం అయ్యాక లేచి నిలబడి, కారు పైకప్పు మీద చేత్తో కొట్టి, "చూశా" అనేవాడు. ఆ మాట చెవిన పడందే బండి అంగుళం కదలకూడదు. పక్కవాళ్ళందరూ నవ్వేవాళ్ళు, బావమరిదికి హారతిచ్చి పంపిస్తున్నావా అనేవాళ్ళు. బావ పట్టించుకునేవాడు కాదు. ఇంత చాదస్తపు మనిషి, నట్టు నట్టుకీ ఇంత భయపడే మనిషి, అక్క నాకు ఆయాసంగా ఉందండీ అన్నప్పుడు మాత్రం మెట్లెక్కి వచ్చావుగా, కాసేపు కూర్చో అన్నాడు. తనూ అదే అన్నాడు. ఇద్దరూ అదే అన్నారు. అప్పుడు చూడలేదు ఎవరూ.

అక్క పోయింది. అంతే, ఆ మాటకి ముందూ వెనకా ఏం తగిలించినా అతకదు. అమ్మ పోయినప్పుడు అక్క ఉంది, అన్నం కలిపి నోట్లో పెట్టింది, చొక్కా గుండీలు పెట్టి బడికి తీసుకెళ్ళింది, పెళ్ళి చేసుకోరా అని పోరి పోరి విసిగిపోయి చివరికి, సరేలే, మా ఇద్దరి మధ్యే పడుండు అంది. అక్క పోయినప్పుడు ఎవరుంటారు? బావ ఉన్నాడు అనుకున్నాడు. కర్మలయ్యాక ఇద్దరూ బాల్కనీలో ఆ సీటు మీద పక్కపక్కన కూర్చుని, ఎదురింటి గోడ చూస్తూ, టీ చల్లారబెట్టుకుంటూ ఎన్ని సాయంత్రాలో. తరవాత ఒక రోజు బావ ఫోన్ చేసి, గొంతు ఎంతో సవరించుకుని, చిన్నోడా, ఇంట్లో గోడలు మీద పడుతున్నాయిరా, ఎవరో సంబంధం చెప్పారు, భర్త పోయినావిడ, కుట్టుపని చేసుకుంటుంది, నువ్వేమంటావు అన్నాడు. ఏమంటాడు? మీ ఇష్టం బావా అన్నాడు. ఆ మాటలో ఎంత విషం పోశాడో అతనికి తెలుసు, బావకీ తెలిసే ఉంటుంది. పెళ్ళికి వెళ్ళలేదు, ల్యాబులో పని ఉందన్నాడు, ఎవరి పళ్ళో అంత తొందరపడిపోతున్నట్టు. ఆ తరవాత బావ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆపైన బావా మానేశాడు. కోపం అనుకున్నాడు, అక్కని మర్చిపోయాడన్న కోపం. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే కోపం కూడా సరిగ్గా దొరకడం లేదు. బావ భార్య అంటే వరసకి అక్కో చెల్లెలో అవ్వాలి. ఆ వరస కలుపుకోవడం ఇష్టం లేక, మొహం చాటేసి తిరిగాడు. ఇంతకీ అక్క లేకపోయాక బావ బావేనా? ఇలాంటివి ఎవరిని అడగాలి? అడగాలంటే బావనే అడగాలి.

కొన్నాళ్ళ కిందట ఒకసారి ఒక్కడే వెళ్ళాడు ట్రాక్‌కి. మెత్తటి టైర్లు నాలుగూ వెనక వేసుకుని, మొండికి. అక్కడ జాకీ ఎత్తాక నట్లు గట్టిగా బిగించాలంటే బ్రేకు ఎవరైనా తొక్కి పట్టుకోవాలి, లేకపోతే గాల్లో ఉన్న చక్రం పానాతో పాటే తిరుగుతుంది, పక్క కారు దగ్గర ఉన్న ఎవరో ఆసామిని బతిమాలాడు, అతను పాపం మంచివాడే, వచ్చి తొక్కాడు, ఒక చక్రం దగ్గర తొక్కి, ఏదో ఫోనొస్తే వెళ్ళిపోయాడు. మిగతా మూడూ కిందికి దించి, బిగించి, చెమటలు కక్కి, తీరా లేచేసరికి ట్రాక్ మీద తన వంతు అయిపోయింది, జెండా దించేశారు. సాయంత్రం ఇంకో వంతు ఉంది. దానికి ముందు టక్కుమనే పానా తీసి తన బిగింపు తనే చూసుకున్నాడు, నాలుగో చక్రం అయ్యాక లేచి, కారు పైకప్పు మీద చెయ్యి వేసి, చూశా అన్నాడు. పైకే అన్నాడు. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినలేదు, అందరికీ తలో మనిషి ఉన్నారు. సిగ్గుతో తిన్నగా వెళ్ళి కార్లో కూర్చుని రెండు చుట్లు తిరిగాడో లేదో, మూడో మలుపులో నట్టేదో వదులైనట్టు చేతికి తెలిసింది, నిజంగా వదులవలేదు, ఆగి చూస్తే అన్నీ గట్టిగానే ఉన్నాయి, కానీ ఆ మాట తను అన్నది కాబట్టి నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చేశాడు. ఆ రోజే అనుకున్నాడు ఇక ఒక సెట్టే అని. అనుకున్నవాడు ఇవాళ చెప్పొచ్చుగా మరి.

అప్పట్నుంచి ఆదివారాలు ట్రాక్‌కి పోడు. పోతున్నానని ల్యాబులో వాళ్ళకి చెప్తాడు. కారు తీసి, ఊరంతా తిరిగి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఎందుకొస్తాడో బావ వాళ్ళ వీధిలోకి వస్తాడు. ఆగడు. మందుల షాపు దాటాక యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసేసి, పిల్లిలా మెల్లగా ఆ ఇంటి ముందునుంచి పోనిస్తాడు, తల తిప్పకుండా, కంటి చివరనుంచి మాత్రం బాల్కనీ చూస్తాడు, బట్టలు ఆరేసి ఉంటాయి, ఆ సీటు మీద కొత్త గలీబు వేసి ఉంటుంది, పూల గుడ్డ, కుట్టుపని వచ్చినావిడ కదా. మలుపు తిరిగాక గట్టిగా గాలి పీల్చుకుంటాడు, దొంగతనం చేసి దొరకనివాడిలా. ఎందుకెళ్తున్నావురా అని ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి ఒక్క ముక్క లేదు. కిందటి ఆదివారం కూడా వెళ్ళాడు.

"సార్, ఇవి ఏం చెయ్యమంటారు?" షాపతను తలుపు తోసుకుని వచ్చాడు. అతను కారు వెనక వేసుకొచ్చిన గోనెసంచులు విప్పి పాత ట్రాక్ టైర్లు నేల మీద పరిచి ఉన్నాయి. అతను లేచి వెళ్ళాడు. గాడి ఇంకా ఉంది, చూపుకి ఏ లోటూ లేదు, కానీ గోరుతో నొక్కితే దిగలేదు, పెట్టి పెట్టి రబ్బరు రాయైపోయింది, వీటి మీద మలుపు తిరిగితే కారు గడ్డిలో తేలుతుంది. "రిమ్ములు పనికొస్తాయి, టైర్లు తీసేద్దాం. రెండు సెట్లయితే కొత్త మెత్తటివి ఈ రిమ్ములకే ఎక్కిస్తాం, ఒక సెట్టయితే ఇవి మీకు దండగ" అని షాపతను ఒకదాన్ని పక్కకి తిప్పాడు. లోపలివైపు కాబట్టి ఆ రెండు చుట్లకీ, ఆపైన గోనెసంచిలోనూ చెరగకుండా, సుద్దతో, ఎడమ ముందు. ఎడమ అన్న మాటలో డ కింద ఒత్తు పెట్టినట్టు చిన్న తోక, అక్క రాతకి ఉండే తోక. అతను చెయ్యి చాపి, ముట్టుకుంటే చెరిగిపోతుందని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఏడవాలనిపించింది, టైర్ల షాపులో, పట్టపగలు, లారీ డ్రైవరు చూస్తుండగా. ఏడవలేదు. "వ్యాను సందు మొదట్లో ఉందట సార్" అన్నాడు షాపతను. ఒక్క నిమిషం అని వేలు చూపించి, అద్దాల గదిలోకి వచ్చి, ఆలోచిస్తే చెయ్యనని తెలుసు కాబట్టి ఆలోచించకుండా, బావ నంబరు నొక్కాడు.

ఫోను మోగుతుంటే గుర్తొచ్చింది. పగటిపూట బావ దగ్గర ఫోను ఉండదు. ఎప్పుడో లిఫ్టు గోతిలో పడేసుకున్నప్పట్నుంచి ఇంట్లో వదిలేసి పనికి పోతాడు, పగలు చేస్తే అక్కే ఎత్తేది, ఏంట్రా, తిన్నావా అనేది. పెట్టేద్దామనుకునే లోపు అవతల ఎత్తేశారు. ఆడగొంతు. కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"అన్నయ్యా" అందావిడ.

పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతన్ని ఆ మాట అనలేదు, ఇంట్లో ఆఖరివాడు, తమ్ముడు, చిన్నోడు, అంతే, తనకంటే చిన్నవాళ్ళు తనకి ఉంటారన్న ఊహే లేదు. నేనేనండీ అనబోయి, నేనెవరో ఆవిడకి తెలిసే పిలిచిందని అర్థమై ఆగిపోయాడు.

"మీ పేరు పడింది ఫోన్లో. ఆయన పనికి వెళ్ళారు. బాగున్నారా?"

"ఆ. బాగున్నానండీ."

"కిందటి ఆదివారం కూడా ఆగలేదు మీరు" అందావిడ, దెప్పడంలా లేదు, మామూలుగానే అంది. "మందుల షాపు దగ్గర మీ కారు చప్పుడు వినగానే ఆయన లేచి కిందికెళ్ళి గేటు దగ్గర నిలబడతారు, ఆ పక్కన స్తంభం చాటుకి, మీరు చూసి సిగ్గుపడతారని. నేను టీ నీళ్ళు పెడతాను. మీరు వెళ్ళిపోతారు, ఆయన పైకి వస్తారు. ప్రతి వారం ఇదే తంతు. ఆగమని చేతులు ఊపొచ్చుగా అంటే, వాడంతట వాడు ఆగాలే అంటారు."

దేవుడా, ఆ కారు. పొగగొట్టం మార్చి, వీధంతా తిట్టిపోసే మోత పెట్టి, ఆ మోతేసుకుని దొంగచాటుగా తిరిగాడు. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ వినిపించే కారులో ఎవరికీ తెలియకుండా వెళ్ళొస్తున్నానని మురిసిపోయాడు. నవ్వు వచ్చిందో ఇంకోటి వచ్చిందో, అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. అద్దం అవతల వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు దిగకుండానే ఆర్డరు చీటీ కోసం కిటికీలోంచి చెయ్యి చాపాడు, షాపతను పెన్ను పట్టుకుని ఇటు చూశాడు, కనుబొమలెత్తి, ఏమంటారు అన్నట్టు. అతను ఫోను చెవినుంచి తియ్యకుండా, రెండు వేళ్ళు చూపించాడు. షాపతను అర్థం కాక మళ్ళీ చూశాడు. అతను రెండు వేళ్ళూ అద్దానికి ఆనించాడు, గట్టిగా, వేళ్ళ చివర్లు తెల్లబడేలా. ఆ పాతవి పారేయొద్దని చెప్పాలి, ఎడమ ముందు ఒక్కటైనా ఇంటికి తీసుకెళ్ళాలి, చెప్తాడు, ముందు ఇది కానీ.

"అన్నయ్యా, ఉన్నారా? మీరెప్పుడైనా ఫోన్ చేస్తే ఒక్కటి అడగమన్నారు ఆయన. నాకు ఆ బండి సంగతులు తెలియవు, ఆయన అన్నమాట అన్నట్టే చెప్తున్నా. ట్రాక్‌కి ఒక్కడే పోతున్నాడు, నట్లు ఎవరు చూస్తున్నారో కనుక్కో అన్నారు."

వ్యాను కదిలింది. అతను అద్దం మీద వేళ్ళు తియ్యడం మర్చిపోయాడు.

"ఎవరూ చూడట్లేదమ్మా" అన్నాడు. "ఆదివారం బావని రమ్మను."